దేవుడు లేడన్న మనిషి, దేవుని తీర్పు



నవంబరు నెల మన మృతుల నెల. కిందటేడు మృతుల పండుగనాడు భూపాలపల్లిలో సమాధులమీద పవిత్ర జలం చల్లి, ప్రార్థనలు ముగించుకుని వస్తుంటే ఒక యువకుడు నా వెంట నడిచాడు. బొగ్గు గనిలో ఉద్యోగం చేసే అబ్బాయి. తల్లి సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి వచ్చాడు. వాళ్ల తాతది జనగామ ప్రాంతం. నిజాం కాలంలో దొరలకు ఎదురు తిరిగిన సంఘంలో ఆ తాత పనిచేశాడట. తరువాత జీవితమంతా ఏ దేవునికీ మొక్కలేదట. జ్ఞానస్నానం తీసుకోమని కోడలు ఎన్నిసార్లు బతిమాలినా నవ్వి ఊరుకున్నాడట. కాని ఊళ్లో ఎవరింట్లో ఆపద వచ్చినా అర్ధరాత్రి లేచి వెళ్లేవాడట. అమ్మ విశ్వాసంతో చనిపోయింది కాబట్టి ఆమె గురించి తనకు దిగులు లేదని, మరి తాత నరకంలో ఉన్నట్టేనా అని ఆ అబ్బాయి అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. లేదని ఊరడిస్తే నాకు తెలియనిది తెలిసినట్టు చెప్పినవాడినవుతాను. ఔనంటే న్యాయాధిపతి పీఠంమీద నేను కూర్చున్నవాడినవుతాను. ఆలోచించి చెబుతానని పంపించాను. ఇన్నాళ్లకు ఈ శీర్షికలో చెప్పే ప్రయత్నం చేస్తున్నాను. ఆ తాత జీవితం ఏ పుస్తకంలోనూ లేదు. అందుకని మన తెలుగువారందరికీ తెలిసిన ఒక నాస్తికుని జీవితం తీసుకుంటాను. ఆయన విజయవాడ గోరాగారు.

గురుమఠంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో నాస్తికత్వంమీద నేనొక వ్యాసం రాశాను. ఫోయర్‌బాక్, మార్క్స్, నీషే, సార్త్ర్ పేర్లతో పేజీలు నింపాను. మా ఆచార్యులు అది చదివి, మానుకోటలో రైలెక్కితే మూడు నాలుగు గంటల్లో చేరే ఊళ్లో బతికిన నాస్తికుణ్ణి వదిలి జర్మనీ దాకా ఎందుకు పోయావని అడిగారు. సిగ్గుపడ్డాను. గుణదల మాత పండుగకు ప్రతి ఫిబ్రవరిలో మన మహబూబాబాదు నుండి ఎంతోమంది అదే రైల్లో పోతారు. అదే నగరంలో పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. ఆ రెండు చోట్లా జనం మనిషి బాగు గురించే మాట్లాడతారు. ఒకచోట దేవుని తల్లి చేయి పట్టుకుని, మరొకచోట దేవుడు లేడని చెప్పి.

పుట్టుక, చదువు, తిరుగుబాటు

గోరాగారి పూర్తి పేరు గోపరాజు రామచంద్రరావు. 1902 నవంబరు 15న ఇప్పటి ఒడిశాలోని ఛత్రపురంలో ఆచారవంతులైన తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. కాకినాడలో, ఆపైన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రం చదివారు. 1922లో సరస్వతిగారితో వివాహమైంది. అప్పటికి ఆమెకు పదేళ్లు. ఆ కాలం పెళ్లిళ్లు అలాంటివి.

చదువు పూర్తి కాగానే మధురైలో అమెరికన్ మిషనరీలు నడిపే కళాశాలలో అధ్యాపకుడిగా చేరారు. దయ్యాలున్నాయని అందరూ భయపడే ఇల్లొకటి తక్కువ అద్దెకు దొరికితే, అందులో కాపురం పెట్టి ఏ దయ్యమూ లేదని చూపించారు. ఆయన తెలివితేటలు గమనించిన అక్కడివారు, క్రైస్తవ మతం స్వీకరిస్తే పైచదువులకు అమెరికా పంపుతామని ఆశ చూపారని ఆయన జీవితం గురించి రాసినవారు చెబుతారు. ఆయన ఒప్పుకోలేదు. చదువు కోసం విశ్వాసాన్ని తెచ్చిపెట్టుకోవడం ఆయనకు చేతకాలేదు.

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ అమెరికన్లు మన కతోలికులు కారు. అయినా క్రీస్తు నామం వారిమీదా ఉంది, మనమీదా ఉంది. ఇరవై ఏళ్లు దాటిన ఒక నిజాయితీగల యువకుడికి క్రీస్తు ప్రభువు పరిచయం ఎలా జరిగింది? శిలువమీద చేతులు చాచిన రక్షకుడిగా కాదు. ఓడ టికెట్టుగా, డిగ్రీగా జరిగింది. ఆయన తిరస్కరించింది క్రీస్తునా, ఆ బేరాన్నా? ఈ ప్రశ్న మనకు చివరిదాకా అవసరమవుతుంది.

మధురై తరువాత కొంతకాలం కోయంబత్తూరులో పత్తి పరిశోధనలో, ఆపైన కొలంబోలో బౌద్ధుల కళాశాలలో పనిచేశారు. గర్భవతి గ్రహణం చూస్తే బిడ్డకు అవకరం వస్తుందని లోకమంతా భయపడే రోజుల్లో సరస్వతిగారు కడుపుతో ఉండి గ్రహణం వేళ బయట తిరిగారు. ఆరోగ్యంగా బిడ్డ పుట్టింది. కొలంబో నుండి కాకినాడ తిరిగి వచ్చాక యజ్ఞోపవీతం వేసుకోనన్నారు. తండ్రి ఇంట్లోంచి వెళ్లిపొమ్మన్నారు. భార్యాబిడ్డలతో బయటికి నడిచారు. కులం తెలిపే పేరు వదిలి, గోపరాజులోని గో, రామచంద్రరావులోని రా కలిపి గోరా అయ్యారు.

తాను చదువుకున్న కాకినాడ కళాశాలలోనే అధ్యాపకుడిగా చేరారు. నాస్తిక భావాలు చెబుతున్నారని 1933లో అక్కడ ఉద్యోగం పోయింది. తరువాత బందరు హిందూ కళాశాలలో చేరారు. అక్కడా అదే గొడవ మొదలైంది. చివరికి అధ్యాపక వృత్తినే వదిలేశారు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరు గ్రామస్తులు పిలిస్తే భార్యాపిల్లలతో వెళ్లి, పూరిపాకలో నాస్తిక కేంద్రం ప్రారంభించారు.

ముదునూరు నుండి సేవాగ్రాంకు

ముదునూరులో ఆయన చేసిన పని ఉపన్యాసాలు ఇవ్వడం మాత్రమే కాదు. వయోజనులకు అక్షరాలు నేర్పారు. అంటరానివారిగా దూరం పెట్టబడిన వాడల్లోకి వెళ్లి వారితో కలిసి తిన్నారు. నెలనెలా పౌర్ణమి వెన్నెల్లో అన్ని కులాలవారినీ ఒక్క వరసలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు ఏర్పాటు చేశారు. ఎవరి భోజనం వారే తెచ్చుకోవచ్చు, ఎవరు తెచ్చింది ఎవరైనా తినవచ్చు. నిప్పులమీద నడవడం మహిమ కాదని ఆ దంపతులు, వారి సహచరులు నడిచి చూపించేవారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో భార్యాభర్తలిద్దరూ జైలుకు వెళ్లారు. సరస్వతిగారు చంటిబిడ్డను వెంటపెట్టుకుని రాయవేలూరు జైల్లో ఉన్నారు. అంతకు ముందు ఉప్పు సత్యాగ్రహం నాటి 1930లో పుట్టిన కుమారునికి లవణం అని పేరు పెట్టుకున్న కుటుంబం అది.

గాంధీజీకి ఆయన మొదటి ఉత్తరం రాసింది కూడా 1930లోనే. దేవుడన్న మాటకు అర్థమేమిటని అడిగారు. దేవుడు మనిషి బుద్ధికి అందనివాడని గాంధీజీ జవాబు రాశారు. గోరాగారికి అది చాలలేదు. 1944 చివర్లో సేవాగ్రాం వెళ్లి స్వయంగా కలుసుకున్నారు. నిత్యం ప్రార్థన చేసే ముసలాయన, దేవుడే లేడనే నడివయసు మాస్టారు. వారిద్దరి మధ్య వాదం జరిగింది, కాని వైరం రాలేదు. నాస్తికత్వం వల్ల హరిజనులకు ఏం మేలు జరుగుతుందని గాంధీజీ అడిగారు. చేసిన పనినే గోరాగారు జవాబుగా చూపించారు. తన ఆస్తికత్వం ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ తాను తేల్చి చెప్పలేనని, ఇద్దరూ సత్యాన్ని వెతికేవారేనని గాంధీజీ అన్నారు. ఆ రోజుల గురించి గోరాగారు ఆంగ్లంలో రాసిన పుస్తకాన్ని 1951లో గాంధీజీ స్థాపించిన నవజీవన్ సంస్థే ప్రచురించింది.

గోరాగారి పెద్దమ్మాయి మనోరమను హరిజన కుటుంబంలో పుట్టిన అర్జునరావుగారికిచ్చి చేయాలని నిశ్చయించారు. ఆ పెళ్లి సేవాగ్రాంలో తన చేతులమీదుగా జరిపిస్తానని గాంధీజీ మాట ఇచ్చారు. దేవుని పేరున కాక సత్యం పేరున ప్రమాణం చేయించడానికి కూడా ఒప్పుకున్నారు. పెళ్లికొడుకు కొంతకాలం ఆశ్రమంలో ఉండి శిక్షణ పొందాడు. ఇంతలో 1948 జనవరి 30న గాంధీజీ హత్య జరిగింది. అయినా మాట ప్రకారం మార్చి 13న అదే ఆశ్రమంలో ఆ పెళ్లి జరిగింది.

అంతకు ముందే, 1947లో నాస్తిక కేంద్రం విజయవాడ పటమటకు మారింది. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలని, మంత్రులు ఆడంబరాలు మానాలని గోరాగారు దేశమంతా తిరిగారు. 1961, 62 సంవత్సరాల్లో సేవాగ్రాం నుండి ఢిల్లీకి కాలినడకన వెళ్లారు. 1972 డిసెంబరులో విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభ జరిపించారు. కుమారుడు లవణంగారు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మహాకవి గుర్రం జాషువాగారి కుమార్తె హేమలతగారిని పెళ్లాడారు. ఆ దంపతులు స్టువర్టుపురంలో దొంగలన్న ముద్ర పడిన కుటుంబాల మధ్య, నిజామాబాదు జిల్లాలో జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు.

1975 జులై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూనే గోరాగారు కుప్పకూలి కన్నుమూశారు. వయసు 72 సంవత్సరాలు. ఏ మంత్రమూ, ఏ ప్రార్థనా కోరని మనిషి. 2002లో ఆయన శతజయంతికి భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఆయన చెప్పినదేమిటి?

గోరాగారి సిద్ధాంతం సారాంశం ఇది. దేవుడున్నాడనుకున్నంత కాలం మనిషి తన బాధ్యతను పైవాడిమీదికి నెట్టేస్తాడు. పేదవాడు తన పేదరికాన్ని తలరాత అనుకుంటాడు, ధనికుడు తన సంపదను దైవకృప అనుకుంటాడు. దేవుడు లేడని తెలుసుకున్ననాడు మనిషి స్వతంత్రుడవుతాడు, సత్యంగా బతకడం, సమానత్వం తేవడం తన పనేనని గ్రహిస్తాడు.

ఇందులో నిజమెంత, పొరపాటెంత? నిజం నుండి మొదలుపెడదాం. పునీత తోమాసు అక్వినాసుగారు దేవుడున్నాడని నిరూపించబోయే ముందు, దేవుడు లేడనే వాదాలను తానే బలంగా రాసిపెట్టారు. ఎదుటివాని మాటలోని బలాన్ని దాచిపెట్టకపోవడం మన సంప్రదాయం. తలరాత పేరు చెప్పి అన్యాయాన్ని సహించమనే దేవుడు, కులాన్ని సృష్టించిన దేవుడు, గ్రహణం నీడకు బిడ్డను కుంటివాణ్ణి చేసే దేవుడు మన దేవుడు కాడు. అలాంటి దేవుణ్ణి మనమూ నమ్మం. మంత్రతంత్రాలు, శకునాలు, సోదె మొదటి ఆజ్ఞకు విరుద్ధమని మన సత్యోపదేశమే చెబుతుంది. ఆ మేరకు గోరాగారు పడగొట్టినవి విగ్రహాలే.

పొరపాటు ఎక్కడుంది? సత్యం మనిషిని కట్టిపడేస్తుందని ఆయన నమ్మారు. ఎవరూ చూడకపోయినా, నష్టం వచ్చినా సత్యమే చెప్పాలని నమ్మి, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మరి ఆ కట్టు ఎక్కడి నుండి వచ్చింది? అందరూ కలిసి పెట్టుకున్న నియమమైతే అందరూ కలిసి తీసేయవచ్చు. తీసేయడానికి వీల్లేనిదని మన అంతరాత్మకు తెలుసు. మనస్సాక్షిలో మనల్ని పిలిచే ఆ స్వరం మనం కల్పించుకున్నది కాదు. ఆ స్వరానికి విధేయుడై బతికిన మనిషి, ఆ స్వరం ఎవరిదో గుర్తించలేదని నాకనిపిస్తుంది.

ఇంకొక మాట. 1946 జులై 4న మన జనగామ ప్రాంతంలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాడు. ఆయన ప్రాణం పోయాక పోరాటం పెరిగింది. దొరల భూములు కొంతకాలమైనా పేదల చేతికి వచ్చాయి. తరువాతివారికి మేలు జరిగింది. కాని కొమరయ్యకు ఏం జరిగింది? వెట్టిలో నలిగి, ఏ మేలూ చూడకుండానే ఆ గడీల నీడలో రాలిపోయిన వేలమంది తల్లులకు ఏం జరిగింది? గోరాగారి లోకంలో వారి లెక్క మూసేసినట్టే. రాబోయే తరాలు ఎంత సమానంగా బతికినా చనిపోయినవారికి న్యాయం అందదు. మన విశ్వాసం ఆ లెక్క మూయనివ్వదు. మృతులు లేస్తారు, తీర్పు ఉంటుంది, కన్నీళ్లు తుడవబడతాయి. నిత్యజీవం ధనికుల ఊరట కోసం కల్పించింది కాదు. న్యాయం దొరకని మృతుల పక్షాన దేవుడు ఇచ్చిన మాట అది.

శ్రీసభ ఏం బోధిస్తుంది?

ఇప్పుడు భూపాలపల్లి యువకుని ప్రశ్నకు వద్దాం. శ్రీసభకు బయట రక్షణ లేదని పూర్వులు చెప్పిన మాటను పట్టుకుని, అమెరికాలోని బోస్టను నగరంలో ఫీనీ అనే యేసుసభ గురువు, కతోలికులు కాని ప్రతి ఒక్కరూ నరకానికే పోతారని బోధించాడు. 1949లో రోము నుండి ఆ బోధను ఖండిస్తూ లేఖ వచ్చింది. ఆయన వినలేదు. 1953లో ఆయననే శ్రీసభ వెలివేసింది. 1972లో తిరిగి చేర్చుకుంది. అందరినీ నరకానికి పంపిన గురువే వెలుపల నిలబడవలసి వచ్చింది.

రెండవ వాటికన్ మహాసభ 1964లో స్పష్టంగా బోధించింది. తమ దోషం లేకుండా క్రీస్తు సువిశేషాన్ని ఎరగనివారు, నిజమైన మనసుతో వెతుకుతూ మనస్సాక్షి ప్రకారం నడుచుకుంటే రక్షణ పొందగలరు. దేవుణ్ణి స్పష్టంగా తెలుసుకోలేకపోయినా, అందులో తమ తప్పు లేకుండా, మంచిగా బతకడానికి పాటుపడేవారికి కూడా దేవుడు అవసరమైన సహాయం నిరాకరించడు. వారిని రక్షించేది కూడా క్రీస్తు వరప్రసాదమే, వారికి ఆయన పేరు తెలియకపోయినా. అయితే తెలిసీ తిరస్కరించేవారిని, లోపలికి వచ్చి కూడా ప్రేమలో నిలవనివారిని అదే మహాసభ హెచ్చరించింది. 1965లో మరో పత్రంలో నాస్తికత్వాన్ని ఈ కాలపు అతి గంభీరమైన విషయాల్లో ఒకటిగా ఎంచింది. నాస్తికత్వం పుట్టడంలో విశ్వాసుల పాత్ర తక్కువేమీ కాదని కూడా ఒప్పుకుంది. బోధ సరిగా చెప్పక, బతుకు సరిగా బతకక, దేవుని ముఖాన్ని చూపించవలసినవారే దాన్ని కప్పేస్తున్నారని దాని భావం.

నరకం ఉందా? ఉంది. దాన్ని తీసేసే అధికారం నాకు లేదు. కాని దేవుడు ఎవరినీ నరకం కోసం సృష్టించలేదు. ప్రేమను కడదాకా, తెలిసి, కావాలని కాదన్న మనిషి తన చేతులతో తాను మూసుకున్న తలుపు అది. శ్రీసభ ఎందరినో పునీతులుగా ప్రకటించింది. ఫలానావాడు నరకంలో ఉన్నాడని పేరు పెట్టి ఒక్కరినీ ప్రకటించలేదు.

అలాగని గోరాగారిని చచ్చిపోయాక దొంగచాటుగా క్రైస్తవుణ్ణి చేయడం కూడా మర్యాద కాదు. ఆయన కూడా పేరులేని క్రైస్తవుడేనని ఎవరైనా అంటే ఆయన ఒప్పుకోరు. దేవుడు లేడని బుద్ధిపూర్వకంగా అన్నారు, యాభై ఏళ్లు అదే ప్రచారం చేశారు. ఆ మాట తప్పని నేను నమ్ముతున్నాను. తప్పుడు మాట తేలికైన విషయం కాదు. దాన్ని విని ప్రార్థన మానేసినవారు కూడా ఉంటారు. కాని ఆయన కాదన్నది సజీవ దేవుణ్ణా, మనుషులు ఆయన ముందు నిలబెట్టిన బొమ్మనా? ఆయన హృదయం అట్టడుగున ఏ ద్వారం తెరిచి ఉంది, ఏది మూసి ఉంది? ఇది చూడగల కన్ను ఒక్కటే. ఆ కన్ను నాది కాదు, మీదీ కాదు.

పునీత మత్తయి సువిశేషంలో కడపటి తీర్పు మీరు ఆదివారాల్లో విన్నదే. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టినవారు, పరదేశిని చేర్చుకున్నవారు, చెరసాలకు వెళ్లి పలకరించినవారు, తాము ఎవరికి సేవ చేశామో తెలియక ఆశ్చర్యపోతారు. ప్రభువును ఎరిగినామనుకున్నవారు కూడా ఆశ్చర్యపోతారు, కాని వేరే వైపు నిలబడి. ఆ పంక్తుల్లో ఎవరెవరు ఎటు ఉంటారో మనం ముందే రాసిపెట్టుకుంటే ఆ సువిశేషాన్ని విననట్టే.

తీర్పు మన వైపు తిరుగుతుంది

ప్రియ విశ్వాసులారా, గోరాగారి సంగతి దేవునికి వదిలి మన సంగతి చూసుకుందాం. దేవుడు లేడన్న మనిషి 1948లో తన కూతుర్ని హరిజన యువకునికిచ్చి పెళ్లి చేశాడు. దేవుడున్నాడని ప్రతి ఆదివారం విశ్వాస సంగ్రహం చదివే మన ఇళ్లలో, ఒకే బల్లమీద దివ్యసత్ప్రసాదం స్వీకరించే మన కుటుంబాల్లో, సంబంధాలు చూసేటప్పుడు మొదట అడిగేది ఏమిటి? జ్ఞానస్నాన పత్రం తరువాత, కులం ముందు. శ్రీసభలో కులవివక్ష ఉందని, అది పాపమని భారత కతోలిక పీఠాధిపతులే 2016లో దళితుల అభ్యున్నతి విధాన పత్రంలో ఒప్పుకున్నారు. ఆ పత్రం విడుదలై ఏళ్లు గడిచాయి. మన విచారణల్లో ఎన్ని పెళ్లిళ్లు మారాయి?

మానుకోట ప్రాంతంలో పనిచేసినప్పుడు ఒక ఇంటికి పోయాను. గోడమీద తిరుహృదయ పటం, పటం పక్కన తాయెత్తు. పిల్లవాడికి జ్వరం వస్తే ముందు భూతవైద్యుని దగ్గరికి, తగ్గకపోతే ఆసుపత్రికి, అదీ కాకపోతే నా దగ్గరికి. పొరుగింటి ముసలామె చేతబడి చేసిందని వారికి అనుమానం. అలాంటి అనుమానాలతో మన ప్రాంతాల్లో మనుషులను కొట్టి చంపిన సంఘటనలు వార్తాపత్రికల్లో చదివాం. ఆ ముసలామె గుమ్మం ముందు ఆ రోజు గోరాగారు నిలబడి ఉంటే ఆమెను కాపాడేవారు. దేవుణ్ణి నమ్మే మనం కాపాడామా?

మనల్ని చూసి ఒక యువకుడు దేవుడు లేడనే నిర్ణయానికి వస్తే, ఆ అవిశ్వాసంలో మన వాటా ఎంతో కూడా ఆ రోజు లెక్కకు వస్తుంది. చిన్నవారికి ఆటంకం కలిగించేవారి గురించి ప్రభువు తిరగలి రాయి సామెత చెప్పింది నాస్తికులకు కాదు, తన శిష్యులకు. అందుకే నరకం గురించిన ఉపదేశం మొదట నా చెవికే చెప్పుకోవాలి. గురువుగా మూడు దశాబ్దాలు దాటిన నేను, ఎందరి విశ్వాసానికి మెట్టునయ్యానో, ఎందరికి రాయినయ్యానో నాకు తెలియదు. తెలిసే రోజు వస్తుంది.

పవిత్ర శుక్రవారం సాయంకాలం శిలువ ఆరాధనకు ముందు మనం పది విన్నపాలు చేస్తాం. శ్రీసభ కోసం, పోపుగారి కోసం, జ్ఞానస్నానానికి సిద్ధపడేవారి కోసం, యూదుల కోసం, ఇంకా ఎందరి కోసమో. ఎనిమిదవ విన్నపం దేవుణ్ణి నమ్మనివారి కోసం. ఎండకు అలసి, ఉపవాసంతో నీరసించి, మోకాళ్లు నొప్పి పుట్టి, చాలామంది ఆ సమయానికి బయటికి చూస్తుంటారు. ఈసారి ఆ విన్నపం వచ్చినప్పుడు శ్రద్ధగా మోకరించండి. క్రీస్తు మరణించిన రోజున, సరిగ్గా ఆ శిలువ ముందు, దేవుడు లేడన్నవారి పేరున ప్రార్థించమని తల్లి శ్రీసభ మనకు నేర్పింది. నిరాశతో నేర్పలేదు. ఆశతో నేర్పింది.

ఇక భూపాలపల్లి అబ్బాయికి నా జవాబు. బాబూ, మీ తాత ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఆయన నరకంలో ఉన్నాడని చెప్పే హక్కు నాకు లేదు, నీకూ లేదు, ఎవరికీ లేదు. ఆయన అర్ధరాత్రి లేచి తలుపు తట్టిన ఇళ్లన్నీ దేవుడికి తెలుసు. బతికినవారికైనా, చనిపోయినవారికైనా, ఎవరి పేరునైనా దివ్యబలిపూజ సమర్పించే స్వేచ్ఛను శ్రీసభ చట్టం గురువుకు ఇచ్చింది. కాబట్టి ఈ నెలలో మీ అమ్మ పేరుతోపాటు మీ తాత పేరు కూడా కాగితంమీద రాసి ఇవ్వు. పూజ పెడతాను. నీవు కూడా వచ్చి నిలబడు. పూజ అయ్యాక, మీ తాత లేచి వెళ్లినట్టే, ఆపదలో ఉన్నవారింటికి నీవు వెళ్లు. ఆయన దేవుణ్ణి చూడకుండా చేసిన పనిని నీవు దేవుణ్ణి చూస్తూ చేయి. తీర్పు రోజున మీరిద్దరూ ఒకరినొకరు గుర్తుపడతారని నా ఆశ.

దేవుడు మిమ్మల్నందరినీ ఆశీర్వదించును గాక.